పాఠముల జీర్ణోద్ధరణము

గడచిన పాతిక యేండ్లలో మన విద్యాశాలలును, బ్యాంకులును, ప్రభుత్వ శిక్షణాలయములును, కర్మాగారములును ఎంతయో ధనము వెచ్చించి ఇంటర్నెట్టు మూలమున నేర్పు పాఠములను సిద్ధము చేయించినవి. వానిలో అనేకములు నేడు తెఱచిచూచిన తెఱచుకొనవు. పాఠము చెఱిగిపోలేదు, ఫైలు పదిలముగనే యున్నది, కాని దానిని చదువగల సాధనము కంప్యూటరులనుండి తొలగింపబడినది. 2021వ సంవత్సరము జనవరి 12వ తేదీన ఫ్లాష్ ప్లేయరు అను నాసాధనము, దాని యజమానులైన అడోబీ కంపెనీవారు ముందే చేసియుంచిన యేర్పాటు చొప్పున, పాఠములను చూపుట మానివేసెను. నిన్నటివఱకు బొమ్మ కదలి మాటాడిన చోట మఱునాడు బోసిపోయిన చతురస్రము మాత్రము మిగిలెను.

ఇది యంత్రజ్ఞుల గొడవ యని మన పాఠకులు త్రోసిపుచ్చకుందురు గాక. కళాశాలల పాలకవర్గములలోను, బ్యాంకుల డైరెక్టరులలోను, సహకార సంఘముల కార్యవర్గములలోను ఉన్నవారు మనవారే. ఈ పాఠములకు ధనము మంజూరు చేసినవారును, పన్నులరూపమున, ఫీజులరూపమున దానిని చెల్లించినవారును మనమే. ఇపుడు పాత పాఠములను క్రొత్తరూపమునకు మార్చెదమని కంట్రాక్టరులు అంచనా పత్రములు చేతబట్టి వచ్చుచున్నారు. ఏ యంచనాపై సంతకము పెట్టవలెనో, దేనిని త్రిప్పి పంపవలెనో తెలిసికొనవలసిన భారము మనపై నున్నది. ఈ వ్యాసమున మేము చెప్పబూనిన దొక్కటే: పాత పాఠమును క్రొత్త పెట్టెలోనికి మార్చుట మాత్రమే చేసినచో మనము మరల మోసపోవుదుము, పాఠపు మూలమును మన చేతిలోనికి తెచ్చుకొన్నపుడే చేసిన ఖర్చు సార్థక మగును.

ఫ్లాష్ వచ్చిన విధము

మన దేశమున సామాన్యజనులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారి మూలమున లభించెను. ఆనాడు టెలిఫోను తీగలగుండ వచ్చు ధార సన్నని పిల్లకాలువ వంటిది. ఒక్క ఛాయాచిత్రము దిగుటకే నిమిషములు పట్టెడిది. ఇట్టి కాలమున, 1996లో, అమెరికాలోని ఫ్యూచర్‌వేవ్ అను చిన్న కంపెనీ ఫ్యూచర్‌స్ప్లాష్ ఆనిమేటర్ అను సాధనమును వెలువరించెను. అచిరకాలముననే మాక్రోమీడియా కంపెనీవారు దానిని కొని ఫ్లాష్ అని పేరిడిరి. 2005లో మాక్రోమీడియానే అడోబీవారు కొనిరి.

చిత్రమును చుక్కలు చుక్కలుగ గాక గీతల లెక్కలుగ పంపుట ఈ సాధనపు బలము. గీత యెచట మొదలై యెటు వంగి యెచట ముగియునో, లోపల నే రంగు నింపవలెనో చెప్పిన చాలును. చూచువాని కంప్యూటరే దానిని గీచికొనును. అందుచే కొద్దిపాటి ఫైలులో ఎంతో చిత్రము ఇమిడెడిది. ఇంజనులోని ముషలకము కదలుటను, గుండె గదులలో రక్తము ప్రవహించుటను, చెక్కు ఒక బ్యాంకునుండి వేఱొక బ్యాంకునకు పోవు క్రమమును కన్నులకు గట్టినట్లు చూపవచ్చెను. ప్రశ్న వేసి, జవాబు రాబట్టి, తప్పైనచో దిద్దవచ్చెను. పాఠనిర్మాతలు దీనిని చేపట్టుట అవివేకము కాదు. ఆనాడు అంతకంటె మంచి సాధనము వారి చేతిలో లేకుండెను.

దాని పతనము

2007లో ఆపిల్ కంపెనీవారు ఐఫోనును వెలువరించినపుడు అందు ఫ్లాష్‌కు చోటీయలేదు. 2010 ఏప్రిల్ మాసమున ఆ కంపెనీ యధిపతియగు స్టీవ్ జాబ్స్ ఒక బహిరంగలేఖ ప్రకటించి, ఫ్లాష్ బ్యాటరీని హరించుననియు, భద్రత లేనిదనియు, వ్రేలితో తాకు తెఱకు తగనిదనియు, అది ఒక్క కంపెనీ చెప్పుచేతలలో నున్నదనియు వాదించెను. ఆపిల్ వారి సాధనములును ఆ కంపెనీ చెప్పుచేతలలోనివే గదా యని నవ్వినవారు లేకపోలేదు. అయినను 2011 నవంబరులో అడోబీవారే ఫోనుల కొఱకు ఫ్లాష్‌ను పెంపొందించు పనిని విరమించిరి. 2014 అక్టోబరు 28న హెచ్.టి.ఎం.ఎల్. 5 అను వెబ్ భాష అంతర్జాతీయ ప్రమాణముగ ప్రకటింపబడెను. చలనచిత్రమును, ధ్వనిని, కదలు బొమ్మను బ్రౌజరు తానే చూపగలుగుటచే మధ్యవర్తి యక్కఱ తీరిపోయెను. 2017 జూలైలో అడోబీవారు నోటీసు ఇచ్చిరి. 2020 డిసెంబరు 31తో గడువు ముగిసెను.

అనగా మూడున్నర యేండ్ల వ్యవధి యుండెను. అయినను మేల్కొనని సంస్థలు లోకమంతటను గలవు. దక్షిణాఫ్రికా ప్రభుత్వపు రెవిన్యూ శాఖవారి పన్ను పత్రములు కొన్ని ఫ్లాష్‌లోనే యుండిపోవుటచే, వానిని నింపుట కొఱకే వారు 2021 జనవరిలో ప్రత్యేకముగ నొక బ్రౌజరును విడుదల చేయవలసివచ్చెను. ఇంటికి తలుపు మార్చుటకు బద్ధకించి, పాత తలుపు పట్టునట్టి వేఱొక గోడ కట్టించినట్లున్నది.

ఇది ఫ్లాష్ ఒక్కదాని కథయు కాదు. శిక్షణ పాఠముల కొఱకే పుట్టిన ఆథర్‌వేర్ అను సాధనమును అభివృద్ధి చేయుట 2007లోనే ఆగిపోయెను. 2015లో క్రోమ్ బ్రౌజరు పాత ప్లగిన్ పద్ధతిని విడనాడుటతో జావా యాప్లెట్లుగ వ్రాసిన పాఠము లందు నిలిచిపోయెను. మైక్రోసాఫ్టువారి సిల్వర్‌లైట్ 2021 అక్టోబరులోను, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజరు 2022 జూనులోను విశ్రాంతి గొన్నవి. ఒకదాని వెంట నొకటి ఇట్లు పోవుచుండగా, పాఠమును సాధనముతో కలిపి కుట్టివేసిన ప్రతివాడును దానితోడనే మునుగుచున్నాడు.

తాళపుచెవి యెవరి చేతిలో నున్నది?

ఇంగ్లండు దేశమున విలియం రాజు 1086లో చేయించిన భూముల లెక్కకు డూమ్స్‌డే పుస్తకమని పేరు. ఏ గ్రామమున నెన్ని నాగళ్లు గలవో, ఎవరి క్రింద నెంత భూమి యున్నదో అందు వ్రాయబడియున్నది. దాని తొమ్మిదివందలవ సంవత్సరోత్సవ సందర్భమున, 1986లో, బి.బి.సి. వారు పాఠశాల విద్యార్థులచే దేశమంతటి వివరములను సేకరింపించి లేజరు డిస్కులపై ప్రకటించిరి. ఇరువది యేండ్లైనను గడువకమునుపే ఆ డిస్కులను చదువు యంత్రములు దుర్లభములయ్యెను. పరిశోధకులు ఆ పాత యంత్రమును అనుకరించు ప్రోగ్రామును వ్రాసి దానిని బ్రతికింపవలసివచ్చెను. ఆ సమాచారములో విద్యార్థులు సేకరించిన భాగము 2011లో ఇంటర్నెట్టుపై మరల ప్రకటింపబడెను. తొమ్మిదివందల యేండ్లనాటి తోలుకాగితపు పుస్తకమో, నేటికిని చదువబడుచునే యున్నది.

దీనినిబట్టి తోలుకాగితమే మేలని మేము వాదింపము. పుస్తకము చదువుటకు కన్నులు, వెలుతురు, భాషాజ్ఞానము చాలును. మూడవవాని యనుమతి యక్కఱలేదు. బిగింపుపెట్టెలోని పాఠమునకో, పెట్టె చేసినవాని తాళపుచెవి కావలయును. ఆతడు దుకాణము మూసిననాడు మన సొత్తు మనకు కాకుండ పోవును. పొలము మనది, విత్తనము మనది, చాకిరి మనది, గాదెకు వేసిన తాళము మాత్రము పరునిది యైనచో ఆ వ్యవసాయమును ఏ గృహస్థుడు మెచ్చును? హెచ్.టి.ఎం.ఎల్. 5 యొక్క గొప్ప అది క్రొత్తది యగుట కాదు. దాని నిబంధన లందఱికిని వెల్లడియై యున్నవి. ఎవ్వరైనను దానిని చదువు బ్రౌజరును నిర్మింపవచ్చును. ఒక కంపెనీ మూతపడినను వేఱొకటి చదువును. ఆ కారణముచేతనే దానిని స్వీకరింపదగును.

మూడు దగ్గఱ దారులు

ఫ్లాష్ పాఠమునకు రెండు రూపములు కలవు. పనివాడు దిద్దుకొను మూలఫైలు ఎఫ్.ఎల్.ఏ. అనబడును; విద్యార్థికి పంపు బిగింపుఫైలు ఎస్.డబ్ల్యు.ఎఫ్. అనబడును. మొదటిది అచ్చుకూటమున కూర్చిపెట్టిన సీసపు టక్షరముల వంటిది. రెండవది అచ్చైన కాగితము వంటిది. కూర్పు చేతిలో నున్నచో ఒక్క యక్షరమును మార్చి మరల అచ్చొత్తవచ్చును. కాగితము మాత్రమే యున్నచో మొదటినుండి కూర్చవలెను. కంట్రాక్టరు రెండవదానిని మాత్రమే యప్పగించి, మొదటిదానిని తనయొద్దనే యుంచుకొనుట ఈ వ్యాపారమున కొత్తకాదు. ఆ కంట్రాక్టరు నేడు కానరాకున్నచో బిగింపుఫైలును విప్పు డీకంపైలరు ప్రోగ్రాములు కొంతవఱకు సాయపడును. అందుండి బొమ్మలు, ధ్వనులు బయటపడును. కాని పనివాడు పెట్టుకొన్న గుర్తులు, వ్యాఖ్యలు తిరిగి రావు.

ఈ చిక్కు తప్పించుకొనుటకు మూడు దగ్గఱ దారులు చూపబడుచున్నవి. మొదటిది అనుకరణము. రఫుల్ అను ఉచిత ప్రోగ్రాము పాత ఫ్లాష్ ప్లేయరువలె నటించి పాత ఫైలును నేటి బ్రౌజరులో నడపును. ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థవారు 2020 నవంబరునుండి పాత ఆటలను, చిత్రములను ఇట్లే చూపుచున్నారు. సరళమైన పాఠములకు ఇది చాలును. 2006లో వచ్చిన ఆక్షన్‌స్క్రిప్ట్ 3 భాషలో వ్రాసిన క్లిష్టములగు పాఠములు మాత్రము అన్నియు దీనికి లొంగవు. పైగా పాత పాఠపు లోపములన్నియు అట్లే నిలిచియుండును. దీనిని చరిత్రను దాచుకొను భద్రపేటికగ వాడవలెనే గాని, విద్యార్థికి నిత్యపాఠముగ నీయరాదు.

రెండవది పాఠము నడచుచుండగా తెఱను వీడియోగ పట్టుట. ఇది మిక్కిలి చౌక, మిక్కిలి ప్రమాదకరము. ప్రశ్న వేసి జవాబు కొఱకు నిలుచు పాఠము ఇందు సినిమాగ మారిపోవును. విద్యార్థి చేయవలసిన పనిని ఎవ్వరో చేయుచుండగా చూచుటయే మిగులును. ఈత నేర్పుటకు పిలిచి గట్టున కూర్చుండబెట్టిన చందము. కథనము మాత్రమేయున్న పాఠములకు వీడియో తగును; అభ్యాసమే ప్రాణముగ గల పాఠములకు తగదు.

మూడవది యంత్రము మూలమున నొక్క మీటతో మార్చుట. అడోబీవారు తమ ఫ్లాష్ నిర్మాణ సాధనమునకు 2016లో యానిమేట్ అని పేరు మార్చి, బొమ్మలను క్రొత్తరూపమున వెలువరించు వీలు కల్పించిరి. బొమ్మలు వచ్చినవి, కాని వాని వెనుక నున్న బుద్ధి రాలేదు. ఏ జవాబునకు నే మార్గమున పోవలెనో చెప్పు ఆక్షన్‌స్క్రిప్ట్ వ్రాతను జావాస్క్రిప్ట్ భాషలో మనుష్యుడు మరల వ్రాయవలసియే యుండెను. నేడు కృత్రిమమేధ యీ వ్రాతకు చిత్తుప్రతిని చకచక సిద్ధము చేయుచున్నది, మేలే. కాని చిత్తుప్రతి సరియైనదో కాదో తేల్చుటకు పాఠ మెఱిగిన యుపాధ్యాయుడు ప్రతి ప్రశ్నకును తప్పుజవాబు లన్నియు ఇచ్చి చూడవలెను. ఆ శ్రమకు దగ్గఱదారి లేదు.

చిన్నవిగ కానవచ్చు పెద్ద చిక్కులు

పాత పాఠము బల్లమీది కంప్యూటరు కొఱకు, ఎనిమిదివందల చుక్కల వెడల్పును ఆఱువందల చుక్కల యెత్తును గల తెఱ కొఱకు చేయబడినది. నేటి విద్యార్థి దానిని అఱచేతి ఫోనులో, నిలువుగ పట్టుకొని చూచును. అక్షరములు చీమలవలె కానవచ్చును. పాత పాఠమున మౌసు బాణమును బొమ్మపై నుంచినంతనే వివరణ మొలచెడిది. వ్రేలికి అట్లు పైన నిలుచుట లేదు, తాకుట మాత్రమే కలదు. కాబట్టి బాణముపై నాధారపడిన ప్రతి పుటను మరల నాలోచింపవలెను. వీడియోలును పాతరూపమున నుండును; ఒకమాఱు కుదించినదానిని విప్పి మరల కుదించినచో చిత్రము మసకబాఱును. అసలు చిత్రీకరించిన టేపు దొరకినచో దానినుండియే తీసికొనుట మేలు.

మార్కుల సంగతి మఱింత ముఖ్యము. పాఠమునకును, హాజరును మార్కులను వ్రాసికొను సర్వరునకును నడుమ స్కార్మ్ అను ఒడంబడిక గలదు. అమెరికా రక్షణశాఖవారి పూనికతో నేర్పడినది. 2001లో వెలువడిన దాని 1.2 రూపమే నేటికిని పెక్కుచోట్ల నడచుచున్నది. విద్యార్థి యెంతవఱకు చదివెనో గుర్తుంచుకొనుటకు అందు 4096 అక్షరముల చోటు మాత్రమే కలదు. క్రొత్తగ చేసిన పాఠము ప్రతి తాకుడును అందు వ్రాయబూనిన ఆ చోటు నిండిపోవును. మూడుగంటలు చదివి మూసిన గుమాస్తా మఱునాడు తెఱచునప్పటికి మొదటి పుటయే యెదురగును. పదోన్నతికి ఆ పాఠము పూర్తిచేసిన పత్రము కావలసియున్నచో ఆతని మొఱ ఎవ్వరు విందురు? పాఠము పేరు మార్చినను సర్వరు దానిని వేఱొక పాఠముగ నెంచి పాత మార్కులను లెక్కలోనికి తీసికొనకపోవచ్చును. కాబట్టి ఒక తరగతి ముగిసి మఱియొకటి మొదలు కాకమునుపు, నడుమ విరామమున ఈ మార్పు జరుగవలెను.

తెలుగు పాఠముల ప్రత్యేక సంకటము

ఇంగ్లీషు పాఠములకు లేని కష్టము మన తెలుగు పాఠములకు గలదు. యూనికోడ్ అను ప్రపంచ లిపి పట్టికలో తెలుగునకు 1991 నాటి మొదటి ప్రచురణముననే చోటు దొరకెను. కాని అది సామాన్యుని కంప్యూటరునకు చేరుటకు పదియేండ్లు పట్టెను. 2001లో విండోస్ ఎక్స్‌పి గౌతమి అను ఖతితో వచ్చిన పిమ్మటనే వెసులుబాటు కలిగెను. అంతకుముందును, చాలకాలము తరువాతను, అచ్చుకూటములవారును పాఠనిర్మాతలును అను మొదలగు ప్రత్యేక ఖతులను వాడిరి. వానిలో ఇంగ్లీషు అక్షరమునకు గల స్థానమున తెలుగు తలకట్టునో, గుడినో, వత్తునో అతికించిరి. కంటికి తెలుగు, కంప్యూటరునకు అర్థము లేని ఇంగ్లీషు. ఆ ఖతి లేని యంత్రమున పాఠము తెఱచినచో అక్షరములన్నియు కలగాపులగమై కానవచ్చును.

మఱికొందఱు ఈ బాధ తప్పించుకొనుటకు తెలుగు వాక్యములను బొమ్మలుగ మార్చి ఫ్లాష్‌లో నతికిరి. చూచుటకు చక్కగ నుండెను. కాని బొమ్మలోని మాటను వెదకుటకు వీలులేదు, దిద్దుటకు వీలులేదు, అంధులకు పాఠమును చదివి వినిపించు ప్రోగ్రాము దానిని చదువలేదు. వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చినది. దాని 42వ సెక్షను సమాచార సాధనములు వారికిని అందుబాటులో నుండునట్లు చూడవలెనని ప్రభుత్వమును ఆదేశించుచున్నది. చూపులేని తెలుగు విద్యార్థికి బొమ్మగ మారిన పాఠము గోడతో సమానము.

పాత ఖతులనుండి యూనికోడ్‌నకు మార్చు ప్రోగ్రాములు గలవు. అవి నూటికి నూఱుపాళ్లు నమ్మదగినవి కావు; వత్తులు తారుమాఱగుట, దీర్ఘములు జారిపోవుట కలదు. లెక్కల పాఠమున నొక యంకె, వైద్యపాఠమున నొక మందు పేరు మాఱినచో ఫలిత మెట్లుండునో చెప్పనక్కఱలేదు. పాఠమంతయు భాష నెఱిగిన వారిచే అక్షరాక్షరము చూపించి, ఒకమాఱు యూనికోడ్‌లో స్థిరపఱచినచో, ఆపైని ఏ రూపమునకైనను తేలికగ మార్చుకొనవచ్చును. తెలుగు పాఠముల విషయమున ఇదియే అన్నిటికంటె ముందు చేయవలసిన పని యని మా నిశ్చితాభిప్రాయము.

చేసి చూపినవారు

ఇది యసాధ్యమేమియు కాదు. కేంద్ర విద్యాశాఖవారి పథకము క్రింద ఢిల్లీ ఐ.ఐ.టి. నాయకత్వమున వర్చువల్ ల్యాబ్స్ అను ప్రయోగశాలలు వెలసినవి. అందు పాల్గొన్న సంస్థలలో హైదరాబాదులోని ట్రిపుల్ ఐ.టి. యొకటి. ప్రయోగశాల చాలని ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు కంప్యూటరు మీదనే ప్రయోగములు చేసి నేర్చుకొనుట వీని యుద్దేశము. మొదట వీనిలో అనేకములు ఫ్లాష్, జావాలలో నుండెను. పిమ్మట వానిని హెచ్.టి.ఎం.ఎల్. 5, జావాస్క్రిప్టులలోనికి మార్చుటయే గాక, మూలవ్రాతను బహిరంగముగ నుంచిరి. నేడు దానిని చూచి దిద్దుటకు ఎవ్వరి తాళపుచెవియు నక్కఱలేదు.

భౌతికశాస్త్రమున 2001లో నోబెల్ బహుమాన మందిన కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున స్థాపించిన ఫెట్ సంస్థ కథయు నిట్టిదే. విద్యుద్వలయములు, తరంగములు, రసాయన సమీకరణములు మొదలగువానిని విద్యార్థి స్వయముగ కదిపి తెలిసికొను నమూనాలు వారివి. అవియు ఫ్లాష్, జావాలలో పుట్టినవే. వారు వానిని క్రొత్తరూపమున తిరిగి నిర్మించునపుడు, తాకు తెఱకు తగినట్లు పుటలను మార్చిరి. చూపులేనివారి కొఱకు కొన్నింటికి ధ్వనులను, వర్ణనలను చేర్చిరి. మాటలను ప్రోగ్రామునుండి వేఱుచేసి యుంచుటచే, ప్రోగ్రామును ముట్టుకొనకయే పలు దేశముల యుపాధ్యాయులు వానిని తమ తమ భాషలలోనికి తెచ్చుకొనగలుగుచున్నారు. మాటలు వేఱు, బొమ్మలు వేఱు, బుద్ధి వేఱు — మూడును విడివిడిగ దాచుకొనుటయే ఇందలి నీతి.

మన దేశమున ఈ నీతి క్రొత్తది కాదు. తాటాకు పుస్తకము శిథిలమగుచున్నదన్న మన పూర్వులు క్రొత్త యాకులపై ప్రతి వ్రాయించెడివారు. గడచిన శతాబ్దమునకు ముందటి శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులను తన జీతమునుండి పోషించి తెలుగు కావ్యముల ప్రతులను సేకరింపించెను. ఆయన పండితులు ఒక ప్రతిని చూచి వేఱొక ప్రతిని వ్రాసి యూరకుండలేదు. పలు ప్రతులను సరిపోల్చి, లేఖకుల తప్పులను ఏరి, శుద్ధప్రతిని నిర్ణయించిరి. మార్చుటయనగా పరిష్కరించుట.

పాత పాఠములకును ఇట్టి పరిష్కరణము కావలయును. 2017 జూలై 1కి ముందు చేసిన పన్నుల పాఠమున జి.ఎస్.టి. లేదు. 2024 జూలై 1కి ముందు చేసిన పోలీసు శిక్షణ పాఠమున భారత శిక్షాస్మృతి సెక్షనులుండునే గాని భారతీయ న్యాయసంహిత యుండదు. 2014 జూన్ 2కి ముందు గీచిన పటమున తెలంగాణ రాష్ట్రము లేదు. ఇట్టి పాఠమును ఎంత చక్కని క్రొత్తరూపమునకు మార్చినను అది అబద్ధమును అందముగ బోధించుటయే యగును. అట్టివానిపై ధనము వెచ్చించుటకంటె మూసివేయుట మేలు.

పాలకవర్గముల కర్తవ్యము

కావున సంస్థల పాలకవర్గములవారికి మేము కొన్ని సూచనలు చేయుచున్నాము. మొదట తమ పాఠములన్నింటికి పట్టిక వ్రాయింపవలెను: ఏది యే సాధనమున చేయబడినది, మూలఫైలు ఎవరియొద్ద నున్నది, గత సంవత్సరమున ఎందఱు చదివిరి, విషయము నేటికి చెల్లునా. ఈ పట్టిక చేతబట్టుకొని పాఠములను మూడు రాసులుగ పోయవలెను. కాలము చెల్లినవానిని విడిచిపెట్టవలెను. విషయము మంచిదై రూపము మాత్రము పాతబడినవానిని మార్పింపవలెను. విషయము కొంత చెడినవానిని ఉపాధ్యాయులచే తిరిగి వ్రాయించిన పిదపనే మార్పుల కంట్రాక్టు ఈయవలెను. మూడవ రాశిని రెండవదానితో కలిపి ఒక్క మొత్తముగ బేరమాడు కంట్రాక్టరుపై కన్నువేసి యుండవలెను.

కంట్రాక్టు పత్రమున మూలఫైలులు, తెలుగు వచనము యూనికోడ్‌లో, చదివిన కంఠము యొక్క అసలు ధ్వనిముద్రణము, బొమ్మల మూలములు — ఇవి యన్నియు సంస్థకు స్వాధీనము చేయవలెనని వ్రాయించి, అవి చేతికందిన పిమ్మటనే తుది చెల్లింపు జరుపవలెను. పాఠమును ఆఫీసులోని పెద్ద తెఱపై చూచి మెచ్చుకొనుట గాక, తక్కువ వెల ఫోనులో, పల్లెటూరి సిగ్నలుతో పరీక్షింపవలెను. పరీక్షించువారు నిర్మాతలు కాక, ఆ పాఠము చదువవలసిన గుమాస్తాలు, విద్యార్థులు కావలెను. మాఱిన పాఠము నిలద్రొక్కుకొనువఱకు పాత ఫైలులను పాఱవేయరాదు. ఇంతయు చేసిన తరువాత మూడేండ్లకొకమాఱు అన్ని పాఠములను తెఱచిచూచు బాధ్యతను ఒక వ్యక్తికి పేరుపెట్టి అప్పగింపవలెను. పేరులేని బాధ్యత యెవరిదియు కాదు.

క్రొత్తరూపమును రేపు పాతబడును గదా, ఇంత శ్రమ యేల యని యడుగువారు కలరు. పాతబడుట నిజమే. కాని మూలము మన చేతిలో నున్నచో తిరిగి మార్చుట పొలము దున్నినట్లు ఏటేట జరుగు పని. మూలము పరుని చేతిలో నున్నచో బంజరును మరల నఱకి సాగుచేసినట్లు ప్రతిమాఱును మొదటినుండి మొదలు. అంతయు క్రొత్తగ చేయించినచో సరిపోవునని మఱికొందఱు. అనుభవజ్ఞుడైన యుపాధ్యాయుడు ముప్పదియేండ్ల బోధనలో విద్యార్థు లెచ్చట తడబడుదురో చూచి కూర్చిన ప్రశ్నలు పాత పాఠములలో గలవు. ఆతడు ఉద్యోగ విరమణము చేసియుండును. కొందఱు లోకమునే విడిచియుందురు. ఆ ప్రశ్నలను మరల నెవ్వరు వ్రాయుదురు?

దేవాలయమును జీర్ణోద్ధరణము చేయువారు పడిపోయిన ప్రాకారమును తిరిగి కట్టుదురు, కూలిన గోపురమును నిలుపుదురు. గర్భగుడిలోని మూర్తిని మాత్రము అపురూపముగ కాపాడుకొందురు. పాఠమునకు మూర్తి అందలి విషయము, దానిని నేర్పు నేర్పు. ఫ్లాష్ ప్రాకారము కూలినది, హెచ్.టి.ఎం.ఎల్. 5 ప్రాకారము లేచుచున్నది. రాష్ట్రముల విద్యాశాఖలును, విశ్వవిద్యాలయములును, బ్యాంకులును తమ పట్టికలను ఈ సంవత్సరమే సిద్ధము చేయించి, తెలుగు పాఠములను ముందుగ యూనికోడ్‌లో స్థిరపఱుపించి, మూలఫైలులను తమ భద్రమున నుంచుకొనునని ఆశించుచున్నాము. ఆయా పాలకవర్గములలో నున్న మన పాఠకులు వచ్చు సమావేశమున ఈ ప్రశ్న నడుగుదురు గాక: మన పాఠముల మూలఫైలులు ఎవరియొద్ద నున్నవి? దానికి స్పష్టమైన జవాబు వచ్చువఱకు ఏ క్రొత్త యంచనాపైనను సంతకము చేయకుందురు గాక.